తొమ్మిది రోజుల్లో ఐదు దేశాలు

అమెరికాలో ఉండే తెలుగు జంట యూరప్ వెళ్ళొచ్చిందంటే, ఫోటోలు చూడకుండానే ఎక్కడెక్కడ తిరిగారో చెప్పేయొచ్చు. ప్యారిస్ రెండు రోజులు, ఆమ్‌స్టర్‌డామ్ ఒక రోజు, దార్లో జర్మనీలో ఒక రాత్రి, ఇంటర్‌లాకెన్ రెండు రోజులు, మిగిలిన కాస్తా వెనిస్, రోమ్. మొత్తం తొమ్మిది రోజులు. తొమ్మిదే ఎందుకంటే, ఐదు పనిదినాలు సెలవు పెట్టి అటూ ఇటూ ఉన్న శని, ఆదివారాలు కలుపుకుంటే వచ్చేవి అన్నే.

దీని మీద మనవాళ్ళ విందుల్లో బోలెడు జోకులు. ఒక దేశంలో పళ్ళు తోముకుని ఇంకో దేశంలో కాఫీ తాగొచ్చారంటారు. తెల్లవాళ్ళు చూడండి, ఒకే ఊళ్ళో వారం రోజులు కూర్చుంటారు, మనకే ఈ పరుగు అంటారు. నవ్వుకోడానికి బానే ఉంటుంది గానీ, నాకెందుకో ఇది మన కక్కుర్తి కాదనిపిస్తుంది. ఆ తొమ్మిది రోజుల ప్లాను వెనక అరవై డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. విమానం చార్జీలది కొంత, మన పాస్‌పోర్టుది అంతకన్నా ఎక్కువ.

ముందు అమెరికావాళ్ళ సంగతి చూద్దాం. తక్కువ డబ్బుతో యూరప్ చూడొచ్చని వాళ్ళకి నేర్పిన మనిషి ఆర్థర్ ఫ్రామర్. చదివింది లా. 1950ల్లో సైన్యంలో పనిచేస్తూ జర్మనీలో ఉన్నాడు. దొరికిన సెలవల్లో తిరిగి, 1955లో తోటి సైనికుల కోసం ఒక చిన్న గైడు రాశాడు. అది చకచకా అమ్ముడుపోయేసరికి 1957లో మామూలు జనం కోసం 'యూరప్ ఆన్ ఫైవ్ డాలర్స్ ఎ డే' అనే పుస్తకం తెచ్చాడు. రోజుకి ఐదు డాలర్లు! గదీ తిండీ అందులోనే. సముద్రం దాటే ఖర్చు మాత్రం వేరే.

ఇది మాయా కాదు, మంత్రమూ కాదు. అప్పట్లో మారకం రేట్లు కదిలేవి కావు. డాలరుకి 4.20 జర్మన్ మార్కులు, 625 ఇటాలియన్ లీరాలు. ఐదు డాలర్లంటే మూడు వేల పైచిలుకు లీరాలన్నమాట. యుద్ధంలో చితికిపోయిన దేశాల్లో ఆ డబ్బుతో దర్జాగా కాకపోయినా హాయిగానే గడిచేది. ఫ్రామర్ పదే పదే చెప్పిన చిట్కా ఒకటుంది, గదిలోనే స్నానాలగది కావాలని అడక్కండి అని. అమెరికావాళ్ళకి అదొక గొప్ప త్యాగం! ఇంజనీరింగ్ హాస్టల్లో బకెట్టు పట్టుకుని వరసలో నిలబడి చదువుకున్న మనకి అదొక చిట్కాలాగే అనిపించదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఐదు కాస్తా పది అయింది, పది ఇరవై అయింది. 2007 నాటి ముద్రణకి అట్ట మీద అంకె 95. ఫ్రామర్ 2024 నవంబరులో పోయాడు, 95వ ఏట. పుస్తకం ఆగిన అంకె, మనిషి ఆగిన అంకె ఒకటే కావడం కాకతాళీయమే గానీ తమాషాగా లేదూ?

ఇంతకీ అవే రోజుల్లో మనవాళ్ళ పరిస్థితేమిటి? 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజనీర్లు రావడం మొదలయింది. ఆ తరంవాళ్ళు ఎవరు కలిసినా ఎనిమిది డాలర్ల కథ చెబుతారు. విదేశీ మారకం కొరత వల్ల, 1960ల చివర్లోనూ 70ల మొదట్లోనూ దేశం దాటేటప్పుడు చేతికిచ్చేది ఎనిమిది డాలర్లే. టిక్కెట్టు కొనాలంటే పి ఫారం నింపి రిజర్వు బ్యాంకు అనుమతి తెచ్చుకోవాలి. ఇప్పుడు ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పొదుపుగా బతికే అమెరికన్‌కి యూరప్‌లో రోజుకి ఐదు డాలర్లు. కొత్త జీవితం మొదలెట్టడానికి బయల్దేరిన మన కుర్రాడి దగ్గర మొత్తం ఎనిమిది. ఫ్రామర్ లెక్కన అది ఒకటిన్నర రోజు ఖర్చు.

అయినా ఆ తరంవాళ్ళు యూరప్ చూశారు. ఎలాగంటారా? ఇంటికెళ్తూ చూశారు. అప్పట్లో విమానం చార్జీల్ని అయాటా అనే విమాన సంస్థల సంఘం నిర్ణయించేది. ఏ కంపెనీ విమానం ఎక్కినా ధర దాదాపు ఒకటే. చాలా ఖరీదు. కానీ ఆ ఖరీదైన టిక్కెట్టులో ఒక సుగుణం ఉండేది. న్యూయార్క్ నుంచి బొంబాయికి పూర్తి ధర పెట్టి కొంటే, ఇన్ని మైళ్ళ లోపల అని లెక్కగట్టి, దార్లో ఎన్ని ఊళ్ళలో దిగినా అదనంగా తీసుకునేవాళ్ళు కాదు. లండన్‌లో రెండు రోజులు, ప్యారిస్‌లో రెండు రోజులు, రోమ్‌లో ఒక రోజు చూసుకుని బొంబాయిలో దిగొచ్చు. నాలుగైదేళ్ళకోసారి ఇంటికెళ్ళే జంటకి అదే యూరప్ యాత్ర, అదే ఆలస్యంగా వచ్చిన హనీమూను. పాత ఆల్బముల్లో ఈఫిల్ టవర్ ముందు పట్టుచీర, పైన కోటు వేసుకుని వణుకుతున్న పిన్నిగారి ఫోటో కనిపిస్తే, ఆ టిక్కెట్టు పుణ్యమే అనుకోవచ్చు.

పరుగు మనకి మాత్రమే అంటుకున్న జబ్బు కాదని చెప్పడానికి ఆ రోజుల్నించే ఒక సాక్ష్యం. 1969లో 'ఇఫ్ ఇట్స్ ట్యూస్‌డే, దిస్ మస్ట్ బి బెల్జియం' అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. మంగళవారమైతే ఇది బెల్జియమే అయ్యుండాలి అని దానర్థం. పద్ధెనిమిది రోజుల్లో తొమ్మిది దేశాలు చుట్టేసే అమెరికన్ల బస్సు కథ. ఇదీ మన సగటే కదా, రోజుకి అర దేశం! సముద్రం దాటడం జన్మకొక్కసారి జరిగే పని అయినప్పుడు వాళ్ళూ మనలాగే పరిగెత్తారు. దాటడం చవకయ్యాక నెమ్మదించారు.

ఆ చవక ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. మొదట తలుపు తోసింది ఐస్‌లాండ్. అక్కడి లోఫ్ట్‌లైదిర్ అనే కంపెనీ అయాటాలో సభ్యురాలు కాదు. ధర దాని ఇష్టం. 1955 నుంచి న్యూయార్క్, ఐస్‌లాండ్, లక్సెంబర్గ్ మధ్య తిప్పింది. అందరూ జెట్ విమానాలు కొంటుంటే ఇది చాలాకాలం పంకా విమానాలతోనే నెట్టుకొచ్చింది. నెమ్మదిగా వెళ్తుంది, తక్కువ పుచ్చుకుంటుంది. జుట్టు పెంచుకున్న కుర్రకారంతా ఎగబడేసరికి హిప్పీ ఎయిర్‌లైన్ అని పేరుపడింది. 1973లో ఇంకో ఐస్‌లాండ్ కంపెనీతో కలిసిపోయి, చివరికి ఇప్పటి ఐస్‌లాండ్ఎయిర్ అయింది. 1959లో యూరెయిల్ పాసు వచ్చింది. ఒక్క పాసుతో పదమూడు దేశాల రైళ్ళు, అదీ యూరప్ బయట నివసించేవాళ్ళకి మాత్రమే. 1977 సెప్టెంబరులో ఫ్రెడీ లేకర్ అనే ఆంగ్లేయుడు స్కైట్రెయిన్ మొదలెట్టాడు. లండన్ నుంచి న్యూయార్క్‌కి 59 పౌన్లు, ఇటునుంచి అటు 135 డాలర్లు. 1982 ఫిబ్రవరిలో దివాలా తీశాడు. మరుసటేడు పీపుల్ ఎక్స్‌ప్రెస్ వచ్చి, న్యూయార్క్ పక్కనున్న నూవర్క్ నుంచి లండన్‌కి 149 డాలర్లంది. అదీ ఎన్నాళ్ళో నిలవలేదనుకోండి. ఈ చవక విమానాలన్నిటి జాతకమూ ఒకటే. 2019లో వావ్, 2025లో ప్లే, రెండూ ఐస్‌లాండ్‌వే, రెండూ మూతబడ్డాయి.

మనకి సంబంధించిన అసలు మలుపు ఇక్కడుంది. లేకర్ రోజుల్లో బ్రిటన్ వెళ్ళి కొన్నాళ్ళు తిరిగి రావడానికి భారత పాస్‌పోర్టుకి ముందుగా వీసా తెచ్చుకోవాల్సిన పనిలేదు. హీత్రూలోనో గాట్విక్‌లోనో దిగి, అధికారి అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పి బయటికి నడవడమే. 1986 అక్టోబరులో ఆ వీలు పోయింది. మనతోపాటు పాకిస్తాన్, బంగ్లాదేశ్, నైజీరియా, ఘనా వాళ్ళకి కూడా బ్రిటన్ వీసా పెట్టింది. అదే ఏడాది ప్యారిస్‌లో బాంబులు పేలాయని ఫ్రాన్స్ అమెరికన్లకి సైతం వీసా పెట్టింది. అమెరికన్లకి మూడేళ్ళలో తీసేశారు. మనకి మాత్రం అలాగే ఉండిపోయింది. విమానం ధర దిగుతూ దిగుతూ మనకి అందే వేళకి తలుపు దగ్గర కొత్త కాపలాదారు వచ్చి కూర్చున్నాడన్నమాట. అక్కణ్ణించి మనకి యూరప్ ఖర్చంటే టిక్కెట్టు ఖర్చు కాదు, స్టాంపు ఖర్చు.

1990ల చివర వైటూకే పేరుతో మా తరం దిగింది. హెచ్-1బి కోటా ముందు లక్షా పదిహేను వేలకీ, 2001 నుంచి మూడేళ్ళు లక్షా తొంభై అయిదు వేలకీ పెరిగిన కాలమది. అదృష్టం ఏమిటంటే, అప్పటికే షెంగెన్ వచ్చింది. 1995 మార్చిలో ఏడు దేశాలతో అమలు మొదలై ఒక్కొక్కటే కలుస్తూ పోయాయి. అంతకుముందు దేశానికో కాన్సులేటు, దేశానికో ఫారం, దేశానికో ఫీజు. ఇప్పుడు ఒక్క వీసాతో ప్యారిస్ నుంచి రోమ్ దాకా. నన్నడిగితే మన జంటలకి యూరప్‌ని నిజంగా చవక చేసింది విమానాలు కాదు, ఈ షెంగెనే. కాకపోతే ఒక దేశానికైనా ఐదు దేశాలకైనా అదే ఫీజు, అవే కాగితాలు, అదే తిప్పట. అలాంటప్పుడు ఒక్క దేశం చూసి ఎవరొస్తారు చెప్పండి? బఫేలో ఇడ్లీ ఒక్కటే తిని లేచొచ్చేవాణ్ణి చూశామా ఎక్కడైనా?

స్విట్జర్లాండ్ మాత్రం 2008 డిసెంబరు దాకా షెంగెన్‌లో చేరలేదు. మనవాళ్ళకా, స్విట్జర్లాండ్ లేని యూరప్ ఉప్పులేని పప్పు. మన సినిమా పాటలన్నీ ఆ కొండల మీదే కదా. ఇంటర్‌లాకెన్‌లో యశ్ చోప్రా విగ్రహమే పెట్టారు 2016లో. కాబట్టి రెండో వీసా తప్పదు. అక్కడితో అయిపోలేదు. షెంగెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇస్తే, స్విట్జర్లాండ్‌లో అడుగు పెట్టగానే షెంగెన్ దాటినట్టే, మళ్ళీ ఇటలీలోకి రానివ్వరు. అందుకని ఆ రోజుల్లో తెలిసినవాళ్ళు స్విట్జర్లాండ్‌ని ఆఖర్న పెట్టుకుని, జూరిక్ నుంచే అమెరికా విమానం ఎక్కేవాళ్ళు. 2007లో మేం వెళ్ళినప్పుడూ అంతే. ఇటలీ ముందు, మంచు తరవాత. ఎవరో అభిరుచికొద్దీ వేసిన వరస కాదది, వీసా వేసిన వరస.

ఆ ప్లాను వేసింది మా ఆవిడ. మా ఇంట్లోనే కాదు, నాకు తెలిసిన ఇళ్ళలో చాలావరకు అంతే. భార్యకి హెచ్-4. 2015 మే దాకా హెచ్-4 మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం చేసే వీలే లేదు. ఇంజనీరింగూ ఎంసీయే చదివిన ఆడపిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్టుమెంట్లలో ఖాళీగా కూర్చోవాల్సొచ్చింది. ఆ చదువంతా యూరప్ ఎక్సెల్ షీట్లలోకి వెళ్ళింది. రైళ్ళ టైములు, ఒక్కో రైలు తప్పిపోతే తరవాతిది ఎప్పుడు, ఏ ఊళ్ళో ఆదివారం కొట్లు మూస్తారు, ఎక్కడ కుళాయి నీళ్ళు తాగొచ్చు, అన్నీ. అంత పకడ్బందీ ప్లాను నేను ఏ ప్రాజెక్టులోనూ చూళ్ళేదు. తీరా వీసా దరఖాస్తుకొచ్చేసరికి ఆవిడకి జీతం చీటీ లేదు కాబట్టి నా ఉద్యోగ పత్రం, నా బ్యాంకు కాగితాలు, వాటికి తోడు మ్యారేజి సర్టిఫికెట్టు. మన రాష్ట్రంలో పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2002లో. అంతకుముందు పెళ్ళయినవాళ్ళలో చాలామంది దగ్గర శుభలేఖా ఫోటోలూ తప్ప ఇంకేం ఉండేవి కావు. ఒక కాన్సులేటు కిటికీ దగ్గర, సర్టిఫికెట్టు మీద ఆవిడ ఇంటిపేరు పుట్టింటిదని ఇంకో కాగితం పట్టుకురమ్మని తిప్పి పంపారు. ఇంటిపేరు మార్చుకోకపోవడం అంత అనుమానించాల్సిన విషయమని మాకప్పుడే తెలిసింది.

రైలు పాసులో మాత్రం జంటలకో వెసులుబాటు ఉండేది. యూరెయిల్ సేవర్ పాసని, ఇద్దరు కలిసి తిరిగితే 15 శాతం తగ్గింపు. ఒకటే పాసు, దాని మీద ఇద్దరి పేర్లు. అంటే దార్లో ఎంత పోట్లాడుకున్నా ఒకే రైలెక్కాలి! తరవాత్తరవాత దాన్ని ఎత్తేశారు. పాతికేళ్ళు దాటినవాళ్ళకి ఆ దేశాలన్నీ తిరిగే పాసు మొదటి తరగతిలోనే అమ్మేవాళ్ళు, రెండో తరగతి కుర్రవాళ్ళకే. డబ్బు మిగుల్చుకుందామని బయల్దేరిన సాఫ్ట్‌వేర్ జంట మొదటి తరగతిలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినడం వెనక కారణం అదన్నమాట.

స్టాంపు ఖర్చన్నాను కదా, అందులో అసలు బరువు వెళ్ళే వీసాది కాదు, తిరిగొచ్చే వీసాది. 2004 దాకా అమెరికా వీసా గడువు తీరితే పాస్‌పోర్టుని సెయింట్ లూయీకి పోస్టులో పంపితే కొత్త స్టాంపు వేసి పంపేవాళ్ళు. 2004 జులై 16 నుంచి అది ఆపేశారు, వేలిముద్రలు తీసుకోవాలన్న కారణంగా. అప్పణ్ణించి దేశం బయటి కాన్సులేటులోనే వేయించుకోవాలి. కెనడా, మెక్సికోలకి నెల లోపు వెళ్ళొస్తే పాత స్టాంపుతోనే రానిచ్చే నియమం ఒకటుంది గానీ, యూరప్‌కి అది పనికిరాదు. స్టాంపు గడువు తీరి ఐ-797 కాగితం ఒక్కటే ఉన్నవాడు ఇండియా వెళ్తూ ఫ్రాంక్‌ఫర్టులో విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా తెచ్చుకోవాల్సి వచ్చేది. ఈ గొడవ ఎందుకని చాలామంది గల్ఫు విమానాలకి మారిపోయారు. 2004లో ఎమిరేట్స్ న్యూయార్క్‌కి రావడం మొదలెట్టింది. పెద్ద తరంవాళ్ళు దారి పొడుగునా దిగి చూసిన యూరప్, మా తరానికి కిటికీలోంచి కూడా కనబడకుండా పోయింది.

అందుకే మనవాళ్ళ ప్లాను తలకిందులుగా మొదలవుతుంది. తెల్లవాళ్ళు ముందు ఊరనుకుంటారు, తరవాత టిక్కెట్టు. మనం ముందు స్టాంపు గడువు చూస్తాం. తరవాత క్లయింటు ప్రాజెక్టు గడువు. తరవాత ఏ కాన్సులేటులో అపాయింటుమెంటు దొరుకుతుందో దాన్నిబట్టి ఏ దేశంలో ఎక్కువ రాత్రులో. ఎందుకంటే ఎక్కువ రోజులుండే దేశం దగ్గరే వీసా అడగాలి. ఊరు ఆఖర్న తేలుతుంది. గంటల లెక్కన పనిచేసే కన్సల్టెంటుకి ఇంకో ఖర్చుంది, ఫ్రామర్ పుస్తకంలో లేనిది. గంటకి 40 డాలర్లనుకోండి, రోజుకి 320, ఐదు రోజుల సెలవంటే 1,600 డాలర్ల జీతం వదులుకున్నట్టే. వీసా ఫీజు మొన్నమొన్నటిదాకా తలకి 60 యూరోలు, 2020లో 80, 2024 జూన్ నుంచి 90. కాన్సులేటు లేని ఊళ్ళో పనిచేస్తుంటే వేలిముద్రలివ్వడానికి ఇద్దరూ పక్క రాష్ట్రానికి పోయి రావాలి. ఇవన్నీ ఒక రోజు చూసినా తొమ్మిది రోజులు చూసినా మారని ఖర్చులు. మారని ఖర్చు పెద్దదైనప్పుడు మనిషి పరిగెడతాడు. ఆ 1969 సినిమాలో బస్సెక్కినవాళ్ళూ అందుకే పరిగెత్తారు.

యూరో విషయంలోనూ మనకి టైము కలిసి రాలేదు లెండి. 2000 అక్టోబరులో యూరో 83 సెంట్లకి పడిపోయింది, అంత చవక మళ్ళీ రాలేదు. కానీ ఆ వెంటనే వచ్చిన డాట్‌కామ్ పతనంలో సగం మంది బెంచి మీద కూర్చుని ఉన్నారు. స్థిరపడి ఇక వెళ్దామనుకున్న 2008 వేసవికి అదే యూరో డాలరున్నర దాటి 1.60 దగ్గర నిలబడింది.

గ్రీన్‌కార్డొస్తే తిరిగొచ్చే స్టాంపు బెడద తీరుతుంది. షెంగెన్ వీసా మాత్రం పాస్‌పోర్టుని బట్టి కాబట్టి అది అలాగే ఉంటుంది. పౌరసత్వం వచ్చాకే రెండూ పోతాయి. మనవాళ్ళకి ఆ వరస ఎంత పొడుగో చెప్పక్కర్లేదు, పదేళ్ళకి పైగా గ్రీన్‌కార్డు కోసమే ఎదురుచూసినవాళ్ళు కోకొల్లలు. నాకు తెలిసిన ఒక జంట మొదట 2006లో తొమ్మిది రోజుల్లో ఆరు దేశాలు చూశారు. నీలం పాస్‌పోర్టులొచ్చాక లిస్బన్‌లో ఒక్కచోటే ఎనిమిది రోజులున్నారు. మనుషులు వాళ్ళే. కాకపోతే రెండోసారి వెంట ఇద్దరు పిల్లలున్నారు, ఆయనకి మోకాలు నొప్పి.

ఇప్పుడు కొత్తగా పెళ్ళయి వచ్చిన వాళ్ళకి నేను చెప్పేది, స్టాంపు పడ్డ మొదటి ఏడాదే వెళ్ళిపొమ్మని. నవంబరులో థాంక్స్‌గివింగ్ వారం చూసుకుంటే అమెరికా లోపల టిక్కెట్లు మండిపోతాయి గానీ యూరప్‌కి చాలాసార్లు చవకగా దొరుకుతాయి, పైగా రెండు రోజులు ఆఫీసు సెలవే. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కేలా టిక్కెట్టు తీసుకుంటే వెనక్కి రావడానికి ఒక రోజూ, రైలు ఖర్చూ మిగుల్తాయి. స్విట్జర్లాండ్‌లో హోటలు భోజనం జోలికి పోకుండా కోప్, మీగ్రో కొట్లలో పెరుగూ రొట్టే కొనుక్కోవచ్చు. ప్యారిస్‌లో లా షపెల్ మెట్రో దగ్గర దిగితే జాఫ్నా తమిళుల హోటళ్ళలో దోసె దొరుకుతుంది. ఇంతకుముందు వేలిముద్రలిచ్చి 59 నెలలు కాకపోతే మళ్ళీ ఇవ్వక్కర్లేదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబరు నుంచి అమెరికా వీసాని సొంత దేశంలోనో నివసించే దేశంలోనో తీసుకోవాలంటున్నారు కాబట్టి, యూరప్‌లోనే ఎక్కడో స్టాంపింగ్ కూడా కానిచ్చేద్దామనే పాత ఆలోచన ఇక కుదరదు.

ఈ మధ్యే ఇంకో తమాషా జరిగింది. 2024 ఏప్రిల్లో యూరోపియన్ కమిషన్ భారతీయులకి కొత్త నియమం పెట్టింది. మూడేళ్ళలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకుని ఉంటే, తరవాత రెండేళ్ళకి, ఆ తరవాత ఐదేళ్ళకి ఎన్నిసార్లయినా వెళ్ళగలిగే వీసా ఇవ్వొచ్చని. అయితే అది భారతదేశంలో నివసిస్తూ అక్కడే దరఖాస్తు చేసుకునేవాళ్ళకి. అదే ఏడాది జనవరిలో లుఫ్తాన్సా హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్టుకి నేరుగా విమానం వేసింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా తమ్ముడూ మరదలూ రెండేళ్ళ వీసా తీసుకుని పోయినసారి ఒక్క వియన్నా మాత్రమే చూసొచ్చారు. మిగతావి నెమ్మదిగా చూస్తార్ట, తొందరేముంది అన్నయ్యా అంటున్నాడు.